నేరుగా ఎనిమిది వేల ఆరువందల నలభై

ఫిబ్రవరి 3, మంగళవారం

దొరికింది. దొరికింది. దొరికింది!

అక్షరాలు గీత దాటుతున్నాయి. దాటనీ. ఈ రిజిస్టరు తనిఖీకి ఏ ఆఫీసరూ రాడు. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు డిపోలో టైమ్ కీపరుగా కూర్చుని, ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్ళింది అని రాసిన చెయ్యి ఇది. రిటైరైన రోజు వాడని రిజిస్టరొకటి ఇంటికి తెచ్చుకున్నాను. ‘రావలసిన టైము’, ‘వచ్చిన టైము’, ‘ఆలస్యానికి కారణం’ అని గళ్ళు కొట్టి ఉంటాయి. ఇవాళ ఆ గళ్ళన్నీ తొక్కుకుంటూ రాస్తున్నాను.

పదకొండూ పదహారుకి ఆసుపత్రి కోఆర్డినేటరమ్మ ఫోను చేసింది. మూలుగ మార్పిడి కేసులన్నీ ఈవిడే చూస్తుంది.

“బాబాయిగారూ, కూర్చున్నారా, నిలబడ్డారా?”

“నిలబడ్డానమ్మా.”

“కూర్చోండి.”

కూర్చున్నాను.

“అమ్మాయికి పూర్తిగా సరిపోయే మనిషి దొరికారు. పదికి పది.”

ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకు తెలీదు. “థాంక్యూ సార్, థాంక్యూ సార్” అని నాలుగుసార్లు అన్నానని మా ఆవిడ చెబుతోంది. ఆడమనిషిని పట్టుకుని సార్ ఏమిటని నవ్వి, నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళిపోయి, ఎంతసేపటికీ బయటికి రాలేదు.

ఎనిమిది నెలలు. మా పిచ్చుకకి ఎముకల్లో మూలుగ చెడిపోయి, ఒంట్లో రక్తం ఊరడం ఆగిపోయి ఎనిమిది నెలలు. (పిచ్చుక అంటే మా అమ్మాయి. ముప్ఫై మూడేళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు, ఆ నోరూ పోలేదు.) ఇంకొకరి మూలుగలోని కణాలు తెచ్చి ఎక్కిస్తే తప్ప దారి లేదన్నారు. మొదట నాది పరీక్ష చేశారు. సగమే కలిసిందట, పైగా డెబ్భై ఒకటేళ్ళ సరుకు. “కన్నవాడిని నేను, సగం కలవడమేమిటండీ?” అని నేను పోట్లాటకి దిగితే పెద్ద డాక్టరు నిదానంగా, “మిగతా సగం మీ ఆవిడదేమోనండీ” అన్నాడు. దాని మీద మా ఆవిడ నన్ను వారం రోజులు దెప్పింది.

ఇప్పుడు ఎవరో. ఎక్కడో. మా మొహాలు ఎరగని మనిషి. పదికి పది!

ఇంత సంతోషం ఒంటికి మంచిదేనా?

ఫిబ్రవరి 4

లేవగానే ఫోను తీసి చూశాను. పదకొండూ పదహారు. ఆవిడ నంబరు అలాగే ఉంది. కల కాదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఇవాళ నేనొక వెధవ పని చేశాను. చేసినందుకు సిగ్గు లేదు. కొంచెం ఉంది.

కణాలిచ్చే మనిషి పేరు, ఊరు ఎవరికీ చెప్పకూడదని రూలు. కోఆర్డినేటరమ్మ ఆ రూలు నాకు మూడుసార్లు చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ బల్లమీద కాగితమొకటి నాకు తలకిందులుగా ఉంది. దూరంగా, దుమ్ములో, తిరగేసి వేలాడుతున్న బస్సు బోర్డులు చదివిన కళ్ళు నావి. అడుగున ఉన్న ఊరి పేరు దానంతటదే కళ్ళలో పడింది. ఆ పేరు ఇక్కడ కూడా రాయను. దొంగచూపు చూసినవాడికి ఆపాటి నీతయినా ఉండాలి.

తిన్నగా జిరాక్సు షాపుకి పోయాను. షాపావిడ కంప్యూటర్లో రెండు ఊళ్ళ పేర్లూ కొట్టి, వచ్చినదాన్ని కాగితం మీద అచ్చు తీసిచ్చింది. దూరం 8,640 కిలోమీటర్లు. విమాన ప్రయాణ సమయం 10 గంటల 50 నిమిషాలు.

నా సామిరంగా! అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. మా డిపోలో అన్నిటికన్నా దూరం పోయే సర్వీసుకి పదకొండు గంటలు. అంటే భూమికి ఆ చివరనుంచి మా పిచ్చుక ప్రాణం మా పెద్ద బస్సుకన్నా పది నిమిషాలు ముందే వచ్చేస్తుందన్నమాట! ఎనిమిది వేల ఆరువందల నలభైని భాగించి చూశాను. గంటకి దరిదాపు ఎనిమిది వందలు. లెక్క సరిపోయింది. ముచ్చటేసింది.

సాయంత్రం పిచ్చుకతో చెప్పాను. మంచం మీద కూర్చుని ఉంది, తెల్లగా, సుద్దముక్కలాగా.

“పదీ యాభయ్యా? నాన్‌స్టాపేనా?”

“నాన్‌స్టాపే!”

“కండక్టరెవరు?”

“ఎవరైతేనేమే, టైముకి తెస్తే చాలు.”

“ఎవరైతేనేం ఏమిటి? చిల్లర తర్వాతిస్తానంటే నా రక్తం సగంలో దింపేస్తాడు.”

పగలబడి నవ్వాను. “అంత నవ్వకు నాన్నా, నా పని ఊడి కింద పడుతుంది” అంది. నా కట్టుడు పళ్ళు అదే చేసింది. పళ్ళ డాక్టర్లకి సెట్లు తయారుచేసి ఇవ్వడం దాని పని. ఊరందరి నవ్వులూ దాని చేతిలోంచి పోతాయి.

ఫిబ్రవరి 19, గురువారం

తేదీ వచ్చింది! మార్చి ఏడు, శనివారం. అక్కడి మనిషికి పరీక్షలన్నీ అయ్యాయి, ఆరోగ్యంగా ఉన్నారట, ఇస్తామన్నారట. ఇస్తామన్నారు! ఎవరూ అడక్కుండా, ఎవరికో తెలియకుండా!

కణాలు తీశాక డెబ్భై రెండు గంటల్లో మనిషి ఒంట్లోకి పోవాలి. లేకపోతే బలం చచ్చిపోతుంది. చిన్న పెట్టెలో పెట్టి, విమానంలో ఒక మనిషి ఒళ్ళో పెట్టుకుని తెస్తారు. సామాన్లతో వెయ్యరు, ఎక్స్‌రే మిషనులోకి పోనివ్వరు, చేతిలోంచి దించరు. తెచ్చేవాళ్ళు జీతగాళ్ళు కాదట, ఊరికే వస్తారట. “ఊరికేనా?” అని నేను అడిగాను. “ఊరికేనండీ” అంది కోఆర్డినేటరమ్మ. ఇంటికొచ్చేదాకా ఆ మాటే నములుతూ వచ్చాను.

విమానం ఎన్నింటికని అడగాలనుకున్నాను. అడిగితే ఊరు తెలుసన్న సంగతి బయటపడుతుంది. ఊరుకున్నాను. నా దగ్గర కాగితం ఉంది కదా.

ఫిబ్రవరి 28, శనివారం

పిచ్చుకని అద్దాల గదిలో పెట్టారు. ఆరో నంబరు. లోపల తోడు ఒక్కరే ఉండాలి. మా ఆవిడ వెళ్ళింది. నేను అద్దం ఇవతల. మాట్లాడాలంటే గోడకి ఫోను.

మందు మొదలుపెట్టే ముందు పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. కొత్త కణాలకి చోటు చెయ్యాలంటే అమ్మాయి సొంత మూలుగని పూర్తిగా చంపెయ్యాలట. వారం రోజులు అదే మందు. “ఇది ఎక్కించాక వెనక్కి రాలేమండీ” అన్నాడు.

“ఆ పెట్టె రాకపోతే?”

“రావాలండీ.”

అంతే అన్నాడు. ఇరవై ఐదు రోజులుగా ఎగిరెగిరి పడుతున్నాను కదా, ఈ ప్రశ్న ఒక్కసారి కూడా నా బుర్రకి తట్టలేదు. సంతకం పెట్టాను. పెన్నుకి మూత పెట్టడం మరిచిపోయి జేబులో పెట్టుకున్నాను. చొక్కా నిండా సిరా.

వస్తుంది. ఎందుకు రాదు? పదీ యాభై.

మార్చి 2

పిచ్చుక జుట్టు తీయించేసింది. బాగుంది. చాలా బాగుంది. అద్దంలోంచి చూస్తే ఇంకా బాగుంది.

మార్చి 4

కళ్ళు మండుతున్నాయి. ఆ గదుల దగ్గర స్పిరిటు వాసన ఎక్కువ.

మార్చి 6, శుక్రవారం, సాయంత్రం

మధ్యాహ్నం అక్కడ కణాలు తీశారు. కోఆర్డినేటరమ్మ స్వయంగా వచ్చి చెప్పింది: “మన టైము ప్రకారం రాత్రి పదింటికి బయలుదేరుతుంది బాబాయిగారూ. రేపు వచ్చేస్తుంది.”

రేపు! అంతకన్నా ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. పదికి పదీ యాభై కలిపితే ఉదయం ఎనిమిదీ యాభై. దిగడానికి, కాగితాలకి, రోడ్డుకి గంటా పది. పది గంటలకి ఆరో నంబరు గదిలో ఉంటుంది.

పిచ్చుకకి చెప్పాను. మా ఆవిడకి చెప్పాను. కాపలా మనిషికి కూడా చెప్పాను. “రేపు పదింటికి” అంటే అతను లేచి నిలబడ్డాడు, ఎవరో మంత్రి వస్తున్నాడనుకుని.

బూట్లకి పాలిష్ పెట్టాను. తెల్ల చొక్కా.

మార్చి 7, శనివారం

ఉదయం 9.30. ఆసుపత్రి గుమ్మంలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. విమానం దిగి నలభై నిమిషాలయింది. దారిలో ఉంటుంది.

10.00. ఇప్పుడే.

10.25. శనివారం కదా, రోడ్లు రద్దీ.

10.50. అంబులెన్సు వచ్చింది. అది కాదు.

11.15. పిచ్చుక గోడ ఫోనులో “నాన్నా, బండి ఎక్కడిదాకా వచ్చింది?” అంది. “మలుపు తిరిగింది” అన్నాను. ఏ మలుపో నాకే తెలీదు. అది నా మొహంకేసి చూసి ఫోను పెట్టేసింది.

11.40. ఎనిమిది వేల కిలోమీటర్ల పొడవునా ఎక్కడైనా పడిపోయి ఉంటే? ఈ మాట రాయకూడదు. రాశాను. కొట్టేస్తున్నాను.

12.30. ఇప్పుడు నాకు తెలిసింది రాస్తాను. నిదానంగా రాస్తాను.

పన్నెండింటికి ఇక ఆగలేక కోఆర్డినేటరమ్మ గదిలోకి పోయాను.

“రెండు గంటలు ఆలస్యమైందమ్మా! పది గంటలకి రావలసింది!”

ఆవిడ తలెత్తింది. “పదింటికని మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. లెక్క వేశాను.”

“దేన్నిబట్టి?”

జేబులోంచి కాగితం తీశాను. నెల రోజులుగా మడతపెట్టి మడతపెట్టి నాలుగు ముక్కలు కాబోతోంది. ఆవిడ చదివింది. ఊరి పేరు చూసింది. నావైపు చూసింది. నేను బూట్లకేసి చూసుకున్నాను.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“బాబాయిగారూ, ఇది ఏ విమానం టైమూ కాదండీ. రెండు ఊళ్ళ మధ్య గాల్లో గీత గీసి, ఆ దూరాన్ని విమానం వేగంతో భాగించి పెట్టారు. అంతే. ఆ గీత మీద ఒక్క విమానం కూడా తిరగదు.”

మా డిపో గోడకి చార్టు ఉండేది. ఊరు, ఊరు, దూరం, ప్రయాణ సమయం. చార్టులో ఉందంటే బస్సు ఉంది. బస్సు లేకుండా చార్టు రాసేవాడు లోకంలో ఒకడుంటాడని ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరూ నాకు చెప్పలేదు. గంటకి ఎనిమిది వందలు సరిపోయిందని మురిసిపోయాను! వాళ్ళు ఎనిమిది వందలతో భాగించారు కాబట్టి సరిపోయింది! పిల్లాడు రాసిచ్చిన జవాబుని మళ్ళీ హెచ్చవేసి చూసుకుని, ఆహా అన్నట్టు.

“మరి ఎలా వస్తోంది?”

రెండు విమానాలట. మధ్యలో ఒక ఊళ్ళో మారాలి. మారడానికి గంటా ఐదు నిమిషాలు. మొదటి విమానం యాభై నిమిషాలు ఆలస్యంగా దిగింది. పెట్టె తెస్తున్న ఆవిడ దిగీ దిగగానే “పరిగెత్తుతున్నాను” అని ఒక్క ముక్క కబురు పెట్టింది. ఆ తర్వాత ఫోను పలకడం లేదు.

“అంటే ఎక్కినట్టా, ఎక్కనట్టా?”

“తెలీదు. ఫోనులో ఛార్జింగ్ అయిపోయి ఉండొచ్చు. ఎక్కితే మూడు గంటలకి ఇక్కడ దిగుతుంది.”

“ఎక్కకపోతే? తర్వాతి విమానం?”

ఆవిడ బల్లమీది పెన్నుని తిన్నగా జరిపింది. “అక్కణ్ణుంచి మనకి వారానికి మూడే. తర్వాతది సోమవారం మధ్యాహ్నం.”

శుక్రవారం మధ్యాహ్నం నుంచి డెబ్భై రెండు. ఈ లెక్కకి కాగితం అక్కర్లేదు. సోమవారం మధ్యాహ్నం అది ఎక్కడం కాదు, అప్పటికి పిచ్చుక ఒంట్లో ఉండాలి.

గంటా ఐదులో యాభై పోతే పదిహేను నిమిషాలు. కొత్త చోటు. ఒళ్ళో పెట్టె. నాకు తెలుసు, పదిహేను నిమిషాల్లో బండి మారడం అవదు. మా డిపోలో ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికే అయ్యేది కాదు.

1.10. అద్దం దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ గోడ ఫోను తీసింది. “ఏమండీ, ఏమైంది?” అంది. “లేటు” అన్నాను. “మీ నోటమ్మట ఆ మాట ఇంత మెల్లగా రావడం నేనెప్పుడూ వినలేదు” అంది.

2.00. ఏమీ లేదు.

2.45. ఏమీ లేదు. కోఆర్డినేటరమ్మ తన భోజనం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

3.00.

3.20. ఫోను మోగింది. ఆవిడ విన్నది. “ఆఁ” అంది. “ఆఁ” అంది. “చేతిలోనే ఉందా?” అంది. ఫోను పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

“అమ్మా!” అన్నాను.

“దిగిందండీ. పెట్టెతో సహా దిగింది.”

నేను ఆ గదిలో నేలమీద కూర్చున్నాను.

మార్చి 8, ఆదివారం

నిన్న మిగతాది రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. ఇంకా నమ్మకం కుదరడం లేదు.

నాలుగూ నలభైకి పెట్టె తెచ్చే ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, కాన్వాసు బూట్లు, ఒక బూటుకి లేసు లేదు. నీలం పెట్టెని పట్టీతో ఒంటికి కట్టుకుంది, చంటిపిల్లని కట్టుకున్నట్టు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బడిలో వంటమనిషిగా పనిచేసి రిటైరైందట. వంటమనిషి! ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తే నిలబడినట్టు బిగుసుకుని నిలబడిపోయాను. ఇదేదో ఇక్కడి పద్ధతి కాబోలనుకుని ఆవిడా బిగుసుకుని నిలబడింది. ఇద్దరం అలాగే కాసేపు. ముందు ఆవిడే నవ్వింది.

పెట్టెలో సంచీ ఎంత ఉందనుకున్నారు? ఎవరనుకున్నారు, నేనే కదా. అరచెయ్యంత. కొంచెం ఎరుపు, కొంచెం నీళ్ళు కలిపిన ఎరుపు. దీనికోసమా! మా ఆవిడ చెప్పింది, సంచీ వేలాడదీసి గొట్టం తగిలిస్తే ముప్పావుగంట కూడా పట్టలేదట. పిచ్చుక పైకి చూస్తూ, “ఇంతేనా? నా ఫీజుకి కనీసం బ్యాండుమేళమన్నా పెట్టాల్సింది” అందట.

ఇక అసలు సంగతి. పెట్టె అప్పగించేటప్పుడు ఆవిడ ఒక కాగితం ఇచ్చింది. కోఆర్డినేటరమ్మ పైనున్న పేర్లని చేత్తో మూసి సంతకాలు చూసుకుంటోంది. భాష రాకపోయినా గళ్ళు నాకు తెలుస్తాయి. అది ట్రిప్ షీటు! ఎక్కడ ఎక్కింది, ఎన్నింటికి, పెట్టెలో చల్లదనం ఎంత, గంట గంటకీ రాసి ఉంది. అంత అలసటలో ఒక్క గడి ఖాళీ వదల్లేదు. మధ్య ఊళ్ళో, అక్కడి టైము ప్రకారం ఉదయం: విమానం దిగినది 6.20. రెండో విమానం గేటుకి చేరినది 6.41. విమానం కదలవలసినది 6.35.

కదిలినది 6.49.

నా వేలు అక్కడే ఆగిపోయింది. మళ్ళీ చూశాను. కదలవలసిన టైముకి ఈవిడ ఇంకా పరిగెత్తుతూనే ఉంది.

“అమ్మా, ఇదేమిటి?”

కోఆర్డినేటరమ్మ ఆవిడనడిగి చెప్పింది. మొదటి విమానంలోని వాళ్ళు రెండో విమానానికి కబురు చేశారట. ఒక పెట్టె వస్తోంది, ఇది పోతే సోమవారమే అని. ఆ కెప్టెను ప్రయాణికులతో మైకులో ఒక్క మాట చెప్పాడట, ఎవరికోసమో తెలీదు, అయినా ఆగుదాం అని. ఆగారు. రెండువందల పైచిలుకు మంది, పద్నాలుగు నిమిషాలు.

“ఎవరూ గొడవ చెయ్యలేదా?”

“చేసే ఉంటారు బాబాయిగారూ. మనుషులే కదా. అయినా ఆగారు.”

పద్నాలుగు నిమిషాలు.

నేనైతే ఎర్రసిరాతో రాసేవాణ్ణి. ఎందుకు బుకాయించాలి, ఇది నా రిజిస్టరే కదా. ఆ కెప్టెను నా డిపోలో ఉంటే సాయంత్రానికి చేతిలో మెమో పెట్టేవాణ్ణి. పెట్టి, ‘ఆలస్యానికి కారణం’ గడిలో ‘కారణం లేదు’ అని రాసేవాణ్ణి. ఎన్నిసార్లు రాశాను! ఒకసారి బొంగురు గొంతు డ్రైవరొకడు ఏడు నిమిషాలు ఆలస్యంగా బండి తీశాడు. నిలదీస్తే, “సార్, అద్దంలో మనిషి పరిగెత్తుతూ కనిపిస్తుంటే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది సార్” అన్నాడు. “అద్దంలో చూడమని నీకెవడు చెప్పాడు?” అన్నాను. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మంచి జోకు వేశానని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

నిన్నటినుంచి ఒళ్ళు జలదరిస్తూనే ఉంది. సంతోషమే. సంతోషం కాదని కాదు.

మార్చి 9

తెల్లకణాలు సున్నా. ఇప్పుడు సున్నాయే ఉంటుందట. కొత్తవి వేళ్ళూనుకోవాలట.

మార్చి 10

సున్నా.

మార్చి 12

సున్నా. నోరంతా పుళ్ళు. మాట్లాడటం లేదు. మా పిచ్చుక మాట్లాడటం లేదు.

మార్చి 13

జ్వరం నూట నాలుగు. డాక్టరు “మేం అనుకున్నదే” అన్నాడు. నేను అనుకోలేదు.

మార్చి 15

సున్నా. అద్దం మీద వేలితో ‘నేనున్నాను’ అని రాశాను. లోపలినుంచి తిరగబడి కనిపిస్తుందని తర్వాత తట్టింది. అది పడుకునే అటువైపునుంచి వేలెత్తి, ప్రతి అక్షరం మీదా మెల్లగా దిద్దింది.

మార్చి 17, మంగళవారం

బొంగురు గొంతు డ్రైవరు నంబరు పాత గుమాస్తాని అడిగి సంపాదించాను. మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఇవాళ చేశాను.

“ఎవరూ? టైమ్ కీపరు సారా! బతికే ఉన్నారా సార్!” అన్నాడు. గొంతు ఇంకా బొంగురుపోయింది.

“అప్పుడు ఏడు నిమిషాలకి నీకు మెమో ఇచ్చాను. అది తప్పయ్యా.”

“ఏ ఏడు నిమిషాలు సార్? మీరు నాకు పదకొండు మెమోలిచ్చారు.”

అతనికి గుర్తు లేదు. అన్నిటికీ ఆగినవాడికి ఏదని గుర్తుంటుంది? మనవరాలు పిలుస్తోందని ఫోను పెట్టేశాడు. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

మార్చి 18

సున్నా.

మార్చి 19

సున్నా. ఇక రావాలండీ అన్నాడు పెద్ద డాక్టరు. ఆ రోజు కూడా ఈ గొంతుతోనే అన్నాడు.

మార్చి 20

సున్నా. మా ఆవిడ ఇవాళ నాతో ఫోనులో మాట్లాడకుండా అద్దానికి అటువైపు నిలబడి చూస్తూ ఉంది. నలభై ఒక్కేళ్ళ కాపురంలో అంతసేపు ఆవిడ నన్ను చూడటం ఇదే.

మార్చి 21, శనివారం

నలభై.

సున్నా కాదు. నలభై! నర్సు తప్పు చదివిందేమోనని కాగితం నేనే లాక్కుని చూశాను. నాలుగు. సున్నా. నలభై!

మార్చి 22

నూట ఎనభై. ఎవరితోనూ మాట్లాడను. దిష్టి.

మార్చి 23

ఐదువందల ఇరవై. ఐదువందలు దాటితే పట్టుకున్నట్టేనట. పట్టుకుంది. ఆ మనిషి మా పిల్ల ఎముకల్లో ఇల్లు కట్టుకుంది! కాపలా మనిషిని కౌగిలించుకున్నాను. అతను “మంత్రిగారు వచ్చేశారా సార్?” అన్నాడు.

మార్చి 24, మంగళవారం

మధ్యాహ్నం గోడ ఫోను మోగింది. మా ఆవిడ అనుకున్నాను.

“నాన్నా.” చీలిన గొంతు. పన్నెండు రోజుల తర్వాత.

“చెప్పమ్మా, చెప్పు తల్లీ.”

“ఆకలేస్తోంది.”

నాకు వినపడలేదని మళ్ళీ అంది. “ఆకలేస్తోంది నాన్నా. ఈ వార్డులో గిన్నెలు కడిగిన నీళ్ళు కాకుండా ఇంకేమన్నా ఉందేమో కనుక్కో.”

నేను ఫోను పెట్టకుండానే పరిగెత్తాను. అది గోడకి వేలాడుతూ ఉండిపోయిందట. డెబ్భై ఒకటేళ్ళకి ఆసుపత్రి నడవాలో పరిగెత్తాను.

మార్చి 26, గురువారం

ఆ మనిషికి ఒక ఉత్తరం రాయవచ్చట. పేరు ఉండకూడదు, ఊరు ఉండకూడదు, తేదీ ఉండకూడదు. ఎవరికి ఎవరో తెలిసే గుర్తు ఏదీ ఉండకూడదు. కోఆర్డినేటరమ్మ చదివి పాస్ చేస్తే వాళ్ళ భాషలోకి మార్చి పంపుతారు.

నాలుగు పేజీలు రాశాను. రెండు రోజులు పట్టింది. ఆవిడ నల్ల పెన్ను తీసుకుని చదవడం మొదలుపెట్టింది. నేనెదురుగా కూర్చున్నాను. ఎనిమిది వేల ఆరువందల నలభై కిలోమీటర్లు అన్నచోట కొట్టేసింది. “ఇది చెబితే ఊరు చెప్పినట్టేనండీ.” మార్చి ఏడు కొట్టేసింది. రెండు విమానాలు కొట్టేసింది. పద్నాలుగు నిమిషాల దగ్గర కొంచెంసేపు ఆగింది. “అది నాకు చాలా ముఖ్యమమ్మా” అన్నాను. “తెలుసండీ” అంటూనే కొట్టేసింది. కట్టుడు పళ్ళ పని కొట్టేసింది. టైమ్ కీపరు కొట్టేసింది. పిచ్చుక కూడా పోయింది, అదీ ఒక పేరేనట. మిగిలిన మూడు పేజీల కృతజ్ఞతల్లో ప్రతి రెండో మాటా ఏదో ఒక గుర్తుకే తగులుకుని ఉంది. కాగితాలు బొగ్గు పూసినట్టు అయిపోయాయి. ఇన్ని రోజుల్లో జరిగింది ఏదీ చెప్పడానికి లేదు. అంకె అన్నది ఒక్కటీ మిగల్లేదు.

చివరి పేజీ అడుగున పెన్ను ఆగింది. ఆవిడ ఆ వాక్యం చదివి, ఇంకోసారి చదివి, పెన్నుకి మూత పెట్టేసింది.

“ఇది వెళుతుంది బాబాయిగారూ.”

“ఇదొక్కటేనా? వాళ్ళకేం అర్థమవుతుందమ్మా?”

ఆవిడ తెల్ల కాగితం ఒకటి నా ముందుకు జరిపింది. మధ్యలో, నా చేతనయినంత గుండ్రంగా రాసిచ్చాను.

‘మా అమ్మాయి ఆకలేస్తోందని అంది.’